50–100 టేబుల్ మీద రేక్ ఎంత తింటుంది? ఒక మిర్చి అడ్తి గుమాస్తా లెక్క

ముందుగా ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. బిలోలీ తాలూకా నుంచి వెళ్లి పూణేలో ఉద్యోగం చేస్తున్న ఒక మిత్రుడు గోవాలో 50–100 బ్లైండ్ల (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే 50, 100 రూపాయల చిన్న, పెద్ద పందేలు) పోకర్ టేబుల్ మీద ఏడాదిలో సుమారు 160 గంటలు ఆడారు. అక్కడ కూర్చునేవారిలో చాలామంది కంటే తాను మెరుగ్గా ఆడుతున్నానని ఆయన నమ్మకం. అయినా ఏడాది చివర లెక్క చూసుకుంటే 12,000 రూపాయలు పోయినట్టు తేలింది. ఆయన ఆడే చోట ప్రతి పాట్‌లో (ఒక ఆటలో పోగైన పందేల మొత్తంలో) 10 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల వరకు, రేక్‌గా, అంటే టేబుల్ నడిపేవారి వాటాగా, తీసుకుంటారు. లోపం తన ఆటలో ఉందా, రేక్‌లో ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీరు చెప్పిన రేక్ ఉన్న టేబుల్ మీద సగటు ఆటగాడి నుంచి గంటకు ఆరు పెద్ద బ్లైండ్లు, అంటే 600 రూపాయల పైచిలుకు, టేబుల్ నడిపేవారి రేక్ పెట్టెలోకి పోతాయి. లైవ్ పోకర్‌లో గంటకు ఐదు నుంచి పది పెద్ద బ్లైండ్లు మిగుల్చుకునేవారినే మంచి ఆటగాళ్లుగా లెక్కిస్తారు. అంటే ఒక మంచి ఆటగాడి ఏడాది సంపాదన ఎంత ఉంటుందో, మీరు కట్టిన రేక్ కూడా దాదాపు అంతే ఉంటుంది. మీ ఆటలో లోపం ఉందో లేదో 160 గంటలు చూసి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. ఆ కారణం తరువాత వివరిస్తాను. అయితే మీ 12,000 నష్టాన్ని లాభంగా మార్చడానికి ఆట ఏమాత్రం మెరుగుపడకపోయినా, టేబుల్ మారితే చాలునన్నది లెక్కలో కనిపిస్తుంది.

నేను పోకర్ పండితుణ్ణి కాను. ధర్మాబాద్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తాను. మిర్చి రాక తగ్గిన వానాకాలంలో తొమ్మిదేళ్లుగా గోవా వెళ్లి చిన్న టేబుళ్ల మీద ఆడుతున్నాను, ప్రతి గంటా పుస్తకంలో రాసుకుంటున్నాను. దుకాణం ఖాతాలు మరాఠీలో రాస్తాను, పోకర్ పుస్తకం మాత్రం తెలుగులో ఉంటుంది. మా సేఠ్‌కు తెలుగు మాట్లాడడం బాగా వచ్చు, చదవడం రాదు.

మన మార్కెట్‌లో మిర్చి బస్తా విప్పగానే నమూనా పేరుతో ఒక పిడికెడు తీస్తారు, తూకంలో కడ్తా పేరుతో ఇంకొంత తగ్గిస్తారు. ఒక్క బస్తా దగ్గర నిలబడి చూసిన రైతుకు అది పిడికెడే, కానీ సాయంత్రం దుకాణం మూలన పోగైన కుప్పను చూసినవాడికి అది ఎన్ని బస్తాల సరుకో తెలుస్తుంది. రేక్ కూడా సరిగ్గా అలాగే పోగవుతుంది. డీలర్ ప్రతి పాట్ నుంచి రెండు మూడు చిప్స్ పక్కకు తీసి, టేబుల్ అంచున ఉన్న సన్నని చీలిక దగ్గర పేర్చి, ఆట ముగియగానే వాటిని కిందికి జారవిడుస్తాడు. గెలిచినవాడు ఆ సమయంలో తన వైపు వస్తున్న కుప్పనే చూస్తుంటాడు. ఓడినవాడు తన ముక్కలను తిట్టుకుంటూ ఉంటాడు. చీలిక వైపు చూసేవారు ఎవరూ ఉండరు.

ఒకసారి పూర్తిగా ఒక గంట నేను ఆ చీలికనే గమనించాను. తొమ్మిది మంది ఉన్న 50–100 టేబుల్, 10 శాతం రేక్, 500 పరిమితి, అంటే మీ టేబుల్ లాంటిదే. ఆ గంటలో 28 పంపకాలు జరిగాయి. వాటిలో ఆరు ఫ్లాప్ (టేబుల్ మధ్యలో అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు) తెరవకముందే ముగిశాయి, వాటి మీద రేక్ తీయలేదు. మిగిలిన 22లో పన్నెండు చిన్న పాట్‌లు, సగటున 1,200 రూపాయలవి, కాబట్టి ఒక్కొక్కదానికి 120 చొప్పున 1,440 పోయాయి. ఆరు మధ్యస్థమైనవి, 3,500 దరిదాపుల్లోవి, వాటి మీద 2,100 పోయాయి. నాలుగు పెద్దవి, 9,000 ప్రాంతంలోవి, పరిమితి వల్ల ఒక్కొక్కదానికి 500 చొప్పున 2,000 పోయాయి. మొత్తం 5,540 రూపాయలు. దానిని తొమ్మిది మందికి పంచితే తలకు 615.

ఇప్పుడు దానిని టేబుల్ వైపు నుంచి చూడండి. తొమ్మిది మంది తలా 10,000 పెట్టి కూర్చుంటే టేబుల్ మీద ఉన్న డబ్బు 90,000. కొత్త డబ్బు రాకుండా వారే ఎనిమిది గంటలు ఆడితే పెట్టెలోకి 44,320 చేరుతుంది, టేబుల్ మీద 45,680 మిగులుతుంది. అంటే ఒక్క రాత్రిలో సగం సరుకు కడ్తాలోనే పోయింది. ఆ తొమ్మిది మందీ సమానమైన నేర్పు గలవారైతే చివరికి అందరూ ఓడిపోతారు. ఎవరైనా ఇద్దరు గెలవాలంటే మిగిలిన ఏడుగురు వారి గెలుపుకే కాక పెట్టెకు కూడా సరిపడా ఓడాలి. కనుక టేబుల్ మీద మీకంటే బాగా ఆడేవారు లేరు అన్న మాట సరిపోదు. మీకంటే ఎంత దారుణంగా ఆడేవారు ఉన్నారు, వారు మళ్లీ మళ్లీ చిప్స్ కొంటున్నారా అన్నదే లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

మీ ఏడాది లెక్కను దీనితో సరిచూద్దాం. 160 గంటలను 615తో గుణిస్తే 98,400. గెలిచిన ప్రతి పాట్‌కు డీలర్‌కు 50 రూపాయల టిప్ ఇచ్చారనుకుంటే, గంటకు సగటున రెండున్నర పాట్‌లకు కొంచెం తక్కువ గెలుస్తారు కాబట్టి గంటకు 122, ఏడాదికి సుమారు 19,500. ఈ రెండూ కలిపితే 1,17,900. మీ ఖాతాలో కనిపిస్తున్నది 12,000 నష్టం. అంటే తోటి ఆటగాళ్ల మీద మీరు సుమారు 1,05,900 గెలిచారు, గంటకు 660 రూపాయలు, ఆరున్నర పెద్ద బ్లైండ్లు. ఈ లెక్కలో మీరు టేబుల్ సగటున రేక్ కట్టారని అనుకున్నాను. జాగ్రత్తగా తక్కువ పాట్‌లు ఆడే మనిషైతే మీ వాటా దీనికంటే తగ్గుతుంది, అప్పుడు మీరు తోటివారి మీద గెలిచినది కూడా ఆ మేరకు తక్కువే అనుకోవాలి.

ఇప్పుడు అదే ఆటను, అవే పాట్‌లను, 5 శాతం తీసుకుని 500 దగ్గర ఆగే చోట ఆడారనుకోండి. చిన్నవాటి మీద 720, మధ్యవాటి మీద 1,050, పెద్దవాటి మీద 1,800, మొత్తం 3,570, తలకు 397. గంటకు 218 రూపాయల తేడా. 160 గంటలకు దాదాపు 34,900. మీ 12,000 నష్టం స్థానంలో 22,900 లాభం ఉండేది. ఆటలో ఒక్క నిర్ణయం కూడా మారలేదు.

శాతం అనే మాట మోసపుచ్చుతుంది. పదిలో ఒకటి పోతే పోయిందిలే అని మనం అనుకుంటాం, కానీ రేక్ తీసేది పాట్ మొత్తం నుంచి, ఆ పాట్‌లో మన సొంత డబ్బు కూడా ఉంటుంది. ఇద్దరే మిగిలిన 600 రూపాయల పాట్‌లో 300 మీవే. గెలిచినప్పుడు మీ నిజమైన లాభం 300, రేక్ 60. అంటే లాభంలో 20 శాతం. దాని మీద 50 రూపాయల టిప్ ఇస్తే లాభంలో మూడో వంతు కంటే ఎక్కువ పోయింది. అదే ఇద్దరి మధ్య 20,000 పాట్ అయితే లాభం 10,000, పరిమితి వల్ల రేక్ 500 దగ్గర ఆగుతుంది, లాభంలో 5 శాతమే. చిన్న పాట్‌లే ఖరీదైనవి. ఈ విషయం అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నేను చవకగా ఆడుతున్నానని అనుకుంటూ చిన్న పాట్‌ల కోసమే ఎక్కువగా కొట్లాడాను.

నా అలవాటు ఎలా ఉండేదో ఒక ఉదాహరణతో చెబుతాను. చిన్న బ్లైండ్‌లో ఇస్పేటు తొమ్మిది, ఎనిమిది వచ్చాయి. ముందున్న నలుగురు 100 చొప్పున పెట్టి ఊరుకున్నారు. ఇంకో 50 వేస్తే చాలు కదా అని నేనూ వేశాను, పెద్ద బ్లైండ్‌తో కలిపి ఆరుగురం, పాట్ 600. ఫ్లాప్‌లో తొమ్మిది పెద్ద ముక్కగా పడింది, 300 పందెం కాశాను, అందరూ ముక్కలు పడేశారు. గెలిచాను. పాట్ నుంచి 60 పోయింది, 50 టిప్ ఇచ్చాను, నావి 100 తీసేస్తే మిగిలింది 390. గెలిచిన ఆటే ఇలా ఉంటే, అవే ముక్కలతో ఫ్లాప్ తప్పిన ఎన్నో సార్లు పోయిన వందలను ఆ 390 నుంచే పూడ్చుకోవాలి. పుస్తకంలో చిన్న బ్లైండ్ నుంచి ఇలా ఊరికే 50 కలిపి దిగిన ఆటలన్నిటినీ వేరుగా కూడినప్పుడు, రేక్, టిప్ లేకపోతే అవి దాదాపు సరికి సరి. రేక్, టిప్ వేస్తే స్పష్టమైన నష్టం. ఆ తరువాత చిన్న బ్లైండ్‌లో నాకు రెండే దారులు, రైజ్ చేయడం (పందెం పెంచడం) లేదా పడేయడం. ఫ్లాప్ తెరవని పాట్ మీద రేక్ లేదు కాబట్టి, ముందే గెలిచిన పాట్ పూర్తిగా మనదే.

ఇదే కారణంతో, అందరూ పడేసి రెండు బ్లైండ్లే మిగిలినప్పుడు, ఎవరి బ్లైండ్ వారు వెనక్కి తీసుకునే ఒప్పందం చాలా లైవ్ టేబుళ్ల మీద ఉంటుంది. కూర్చోగానే పక్కవారిని మర్యాదగా అడగండి. 200 రూపాయల పాట్ కోసం ఫ్లాప్ చూసి 20 కట్టడంలో వీరత్వం ఏమీ లేదు. అయితే మంచి ముక్కలు వచ్చినప్పుడు మాత్రం ఆడతాను, లేనప్పుడు పంచుకుందాం అనే మనిషిని టేబుల్ అంతా గుర్తుపెట్టుకుంటుంది. ఏదో ఒకటే పాటించాలి.

చివరి ముక్క దగ్గర కూడా రేక్ లెక్కను మారుస్తుంది. పాట్‌లో 1,000 ఉంది, ఎదుటివారు 1,000 కాశారు, మీరు కాల్ చేయాలా (అంతే డబ్బు పెట్టి ముక్కలు చూడాలా) వద్దా అన్నది ప్రశ్న. రేక్ లేకపోతే మూడింట ఒక వంతు సార్లు, అంటే 33.3 శాతం, గెలిస్తే సరికి సరి. 10 శాతం రేక్ ఉంటే 3,000 పాట్‌లో మీ చేతికి వచ్చేది 2,700, కాబట్టి 37 శాతం సార్లు గెలవాలి. 5 శాతం అయితే 35.1. ఈ నాలుగు శాతం తేడా చిన్నదిగా కనిపించవచ్చు కానీ, చివరి ముక్క దగ్గర మనల్ని తికమక పెట్టే కాల్స్ అన్నీ సరిగ్గా ఆ 33కు 37కు మధ్యనే ఉంటాయి. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్న కాల్ పట్టికలు చాలావరకు రేక్ లేని ఆటకో, తక్కువ రేక్ ఉన్న ఆటకో తయారుచేసినవి. వాటిని తెచ్చి 10 శాతం టేబుల్ మీద పెడితే కాస్త వదులుగా ఆడినట్టే అవుతుంది.

నాతో పాటు మా ఊరి నుంచి వచ్చే మిత్రుడు ఒకరు ఉన్నారు, ఆయనకు పత్తి వ్యాపారం. ఆయన ప్రతి రెండో పంపకంలో దిగుతారు. ఒక రాత్రి ఆయన గెలిచిన పాట్‌లను, నేను గెలిచినవాటిని గీతలు గీసి లెక్కించాను. ఎనిమిది గంటల్లో ఆయనవి 31, నావి 12. తెల్లవారి ఇద్దరం దాదాపు ఒకే మొత్తంతో లేచాం. ఆయన నాకంటే రెండు రెట్లకు పైగా రేక్ కట్టి కూడా నాతో సమానంగా మిగిల్చారంటే, ఆ రాత్రి తోటివారి మీద ఆయనే ఎక్కువ గెలిచారని ఒప్పుకోవాలి. నేను ఆ మాట ఆయనతో ఇంతవరకు చెప్పలేదు.

పాట్ నుంచి తీయకుండా, అరగంటకు ఒకసారి కుర్చీకి ఇంత అని వసూలు చేసే పద్ధతి కూడా కొన్ని చోట్ల ఉంది. అది సాధారణంగా పెద్ద టేబుళ్ల మీద కనిపిస్తుంది. అక్కడ లెక్క తలకిందులవుతుంది. నాలాగా తక్కువ ఆడేవాడు నష్టపోతాడు, మా పత్తి మిత్రుడికి లాభం. జాక్‌పాట్ పేరుతో ప్రతి పాట్ నుంచి విడిగా తీసే చోట, ఆ డబ్బు ఎప్పుడో ఎవరో ఒక ఆటగాడికి తిరిగి వస్తుంది నిజమే, కానీ ఏడాదికి 160 గంటలు ఆడేవారు దానిని ఖర్చు కిందే రాసుకోవాలి.

పైస్థాయి టేబుల్‌కు వెళ్లడం మంచిదా అని మీరు అడగలేదు కానీ, తరువాతి ప్రశ్న అదే అవుతుంది. పరిమితి అదే 500 ఉంటే, 100–200 టేబుల్ మీద పాట్‌లు రెట్టింపై, గంటకు పెట్టెలోకి 7,880 పోతుంది, తలకు 876. రూపాయల్లో ఎక్కువే, పెద్ద బ్లైండ్లలో మాత్రం 6.15 నుంచి 4.4కు తగ్గింది. అయితే చాలా చోట్ల స్థాయి పెరిగితే పరిమితి కూడా పెంచుతారు, ఎదుటివారు కూడా గట్టివారవుతారు. ముందు బోర్డు మీద రాసిన పరిమితిని చదవండి.

ఇక అదృష్టం సంగతి. లైవ్ టేబుల్ మీద ఒక గంట ఫలితం సగటు నుంచి అటూ ఇటూ సుమారు 50 పెద్ద బ్లైండ్లు ఊగుతుంది. గంటలు పెరిగేకొద్దీ ఈ ఊపు వర్గమూలం లెక్కన పెరుగుతుంది, కాబట్టి 160 గంటలకు అది సుమారు 630 పెద్ద బ్లైండ్లు, అంటే 63,000 రూపాయలు. మీ 12,000 నష్టం ఈ ఊపులో ఒక మూల కూడా కాదు. మీరు గంటకు మూడు బ్లైండ్లు గెలిచే ఆటగాడై ఉండి దురదృష్టంతో ఇక్కడికి వచ్చి ఉండవచ్చు, నాలుగు ఓడే ఆటగాడై ఉండి అదృష్టంతో కూడా వచ్చి ఉండవచ్చు. రేక్ అలా ఊగదు. 160 గంటల్లో గెలుపోటముల గురించి మీకు ఏదీ రూఢిగా తెలియదు, కట్టిన రేక్ గురించి మాత్రం దాదాపు కచ్చితంగా తెలుసు. అందుకే నేను అందరికీ ముందు రేక్‌ను లెక్కించమంటాను. రాత్రికి ఒక గంట, చీలికలో పడిన చిప్స్ రాసుకుంటే చాలు.

పన్నుల విషయం రేక్ కాకపోయినా అదే పుస్తకంలోకి వస్తుంది. క్యాసినోలో చిప్స్ కొనడానికి కట్టే మొత్తం మీద జీఎస్‌టీ 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతంగా ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. గెలిచిన చిప్స్‌తోనే తిరిగి ఆడితే దాని మీద మళ్లీ పన్ను పడదు. అందువల్ల ఒకసారి కొని నిలకడగా కూర్చునేవారికీ, గంటకోసారి కౌంటర్‌కు వెళ్లేవారికీ భారం ఒకే రకంగా ఉండదు. మీరిచ్చిన డబ్బుకు ఎంత విలువ గల చిప్స్ చేతికి వస్తున్నాయో కౌంటర్ దగ్గరే అడిగి రాసుకోండి. ఆ తేడా ముందు నేను పైన వేసిన లెక్కలన్నీ చిన్నబోయే పరిస్థితి రావచ్చు. గెలుపుల మీద ఆదాయపు పన్ను 30 శాతం, దానిలో ప్రయాణం, గది, టిప్ వంటి ఖర్చులేవీ తగ్గించుకోవడానికి వీలు లేదు.

ప్రయాణ ఖర్చు మాట వచ్చింది కాబట్టి, దానిని గంటల మీద పంచి చూడండి. పూణే నుంచి రెండు రోజులకు వెళ్లి వచ్చేసరికి 5,000 ఖర్చయి, ఆడింది పది గంటలే అయితే, గంటకు 500. రేక్‌తో దాదాపు సమానమైన రెండో రేక్ అది. నేను ఏడాదికి రెండుసార్లే వెళ్లి, వెళ్లినప్పుడు ఎక్కువ రోజులు ఉండడానికి కారణం ఇదే.

మన వైపు ఇళ్లలోనో, పొలాల దగ్గర షెడ్లలోనో ఆట పెట్టి నాల్ తీసుకునేవారి దగ్గర రేక్ తక్కువ కదా అని కొందరు నాతో అంటారు. ఆట నడిపి వాటా తీసుకోవడం మహారాష్ట్రలో 1887 నాటి జూద నిరోధక చట్టం కిందికి వస్తుంది. 1976లో చేసిన క్యాసినోల చట్టం ఎన్నడూ అమలులోకి రాకుండానే 2023లో రద్దయింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కూడా 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. పైగా అలాంటి షెడ్డులో పెట్టె ఉండదు, చీలిక ఉండదు, పరిమితి బోర్డు ఉండదు. ఎంత పోయిందో లెక్కించే వీలే లేని చోట నేను కూర్చోను.

మీరు వెంటనే చేయదగినవి మూడు ఉన్నాయి. మొదటిది, అదే ఊళ్లో ఇతర చోట్ల శాతం, పరిమితి కనుక్కోండి, ఆటగాళ్లు మరీ గట్టివారు కాకపోతే 5 శాతం ఉన్న చోటికి మారండి. రెండవది, టేబుల్ మీద ఐదుగురే మిగిలినప్పుడు రేక్ తగ్గించమని ఫ్లోర్ మేనేజర్‌ను అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు, అడగకపోతే ఎవరూ తగ్గించరు. మూడవది, వచ్చే 40 గంటల్లో ఊరికే 100 వేసి చూసిన ఫ్లాప్‌లు ఎన్నో, వాటి వల్ల చేతికి ఎంత వచ్చిందో విడిగా రాయండి. ఆ మూడు అంకెలు, అంటే ఇతర చోట్ల రేక్, ఐదుగురి టేబుల్ రేక్, మీ ఊరికే వేసిన వందల లెక్క, ఇక్కడే రాస్తే మీ టేబుల్‌కు తగ్గట్టు నేను మళ్లీ లెక్క వేసి చెబుతాను. మిర్చి సీజన్ మొదలైతే మాత్రం జవాబు రావడానికి వారం పది రోజులు పడుతుంది.